శుభ్రమైన గోడల్ని అనవసరంగా పీకేశానట!

ఇప్పుడే ఒకాయన వచ్చి వెళ్లాడు. బేస్‌మెంట్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేస్తారట, చూసి చెప్తారని పిలిచాం. మెట్లు పూర్తిగా దిగను కూడా దిగలేదు. సగంలో నిలబడి, ఫోన్ టార్చి అటొకసారి ఇటొకసారి తిప్పి, "అయ్యో, ఇదంతా ఎందుకు పీకించారు మేడమ్? శుభ్రమైన గోడలు పాడు చేశారు. మా కోటింగ్ రెండు పూతలు వేస్తే సరిపోయేది" అన్నాడు.

శుభ్రమైన గోడలట! ఆ గోడల్ని ఈయన ఎప్పుడు చూశాడు? ఆయన వచ్చేసరికే అవి సంచుల్లో మూట కట్టి బయటికి వెళ్లిపోయాయి. నేను చూశాను కదా, నన్ను అడగొచ్చు కదా. అడగడు. ఎందుకు అడగడో తర్వాత చెప్తా, దాని గురించి చెప్పడానికే ఇంకో పోస్ట్ కావాలి.

ముందు ఆ శుభ్రం సంగతి. పాత ఇల్లు, కాంక్రీటు పునాది గోడ. మా ముందు ఉన్న మహానుభావులు ఆ గోడకు చెక్క ఫ్రేమ్ ఆనించి, మధ్యలో చలి ఆపే గాజు పీచు, అదే గ్లాస్ ఊల్, కుక్కి, దాని మీద పాలిథీన్ షీటు పరిచి, పైన జిప్సమ్ బోర్డు కొట్టి, చక్కటి క్రీమ్ కలర్ వేసి గది అన్నారు. ఫొటోలో ఎంత బాగుందో! మట్టిలోని చెమ్మను కాంక్రీటు పీల్చుకుంటుంది, అది గోడ లోపలి వైపుకు వస్తూనే ఉంటుంది. ఇవతలికి వచ్చి ఆరిపోదామంటే ప్లాస్టిక్ అడ్డం. అటు నుంచి గదిలోని వెచ్చని గాలి ఏ సందులోంచో వెనక్కి దూరి, చల్లటి కాంక్రీటుకు తగిలి నీళ్లు కారుతుంది. ఇక ఆ గ్లాస్ ఊల్ ఎప్పుడు ఆరాలి? తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. ఇక్కడ గంటలు కాదు, ఏళ్లు. జిప్సమ్ బోర్డు మీదున్న కాగితమంటే బూజుకు పండగే.

బోర్డును నేలకు ఆనించి కొట్టడం ఇంకో ఘనకార్యం. కింద అర అంగుళం ఖాళీ వదిలితే నేల మీది తడి పైకి పాకదు. ఆ అర అంగుళం స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టే పట్టీ, వెనక ఎవరికీ కనిపించదు కూడా. కానీ వదల్లేదు. నేను స్కర్టింగ్ లాగితే దాంతోపాటు బోర్డు కింది భాగం మొత్తం నానిన అట్టపెట్టెలా చేతిలోకి ఊడి వచ్చింది. వెనక నల్లగా, ఆకుపచ్చగా, అక్కడక్కడా గులాబీ రంగులో కూడా. అన్ని రంగులూ ఉన్నాయి. క్రీమ్ కలర్ ఒక్కటే లేదు.

అది చాలదన్నట్టు సీలింగ్ పైన కరెంటు అతుకులు. బాక్సు లేదు, మూత లేదు. రెండు వైర్లు మెలితిప్పి, టేపు చుట్టి, ఫాల్స్ సీలింగ్ మూసేశారు. అతుకు వేస్తే అది బాక్సులో ఉండాలి, ఆ బాక్సు గోడ పగలగొట్టకుండా చేతికి అందాలి. ఇది ఎలక్ట్రీషియన్లకు మొదట్లోనే నేర్పే సంగతి. ఇది చేసింది ఎలక్ట్రీషియన్ కాదని నా నమ్మకం. ఎవరి బావమరిదో అయి ఉంటాడు.

కానీ నాకు బీపీ తెప్పించింది ఇవేవీ కావు, కార్పెట్. కాంక్రీటు నేల మీద నేరుగా కార్పెట్ వేశారు. సరే, అది అందరూ చేసే తప్పే. దాన్ని చుట్టి ఎత్తితే మూలన గుండ్రంగా ఒక జాలీ. నీళ్లు పోవడానికి పెట్టిన డ్రెయిన్! పాపం, ఈ ఇల్లు కట్టిన మనిషికి బుద్ధి ఉంది, కింద ఎప్పుడైనా నీళ్లొస్తే పోవడానికి దారి పెట్టాడు. వీళ్లు దాని మీద కార్పెట్ కప్పి, ఆ మూలన సోఫా వేసి, నీళ్లు ఎక్కడికి పోతాయనుకున్నారు? సోఫాలోకే పోయాయి.

ఆ కార్పెట్ కింద ఒక మూల కొంతమేర తొమ్మిది అంగుళాల చదరపు పలకలు కూడా ఉన్నాయి. పాత ఇళ్లున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ సైజు పాత పలకల్లో, వాటి కింది నల్లటి జిగురులో చాలాసార్లు ఆస్బెస్టాస్ ఉంటుంది. కదిలించకుండా ఉంటే పెద్దగా ప్రమాదం లేదు. పగలగొడితే, రాపిడి పెడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. నేను చేయించాను. ఫలితం వచ్చేదాకా ఆ మూల వైపు ఎవర్నీ వెళ్లనివ్వలేదు, దానికి ఇంట్లో నాకు చాదస్తం అని పేరు వచ్చింది. ఇక పాత ఇళ్లు పగలగొట్టి బాగుచేసే ఆ రీల్స్! హాఫ్ నిక్కరు, మాస్కు లేదు, ఒక పాట, సుత్తితో ధన్‌మని ఒకటి, అర నిమిషంలో కొత్త ఇల్లు. గోడ వెనక ఏముందో ఒక్క సెకను కూడా చూపించరు. లక్షల లైకులు. నేను ల్యాబ్ రిపోర్టు ఫొటో పెడితే ఏడు లైకులు, అందులో రెండు మా అక్కవే, ఆమెకు రెండు అకౌంట్లు.

సరే, కోటింగ్ ఆయన దగ్గరికి వద్దాం. "మీ కోటింగ్ లోపలి వైపు వేస్తారా, బయటి వైపా?" అని అడిగాను. లోపలేనట. బయట మట్టిలో మీటరు లోతున నీళ్లు నిలిస్తే ఆ లోతులో గోడ మీద చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువు పడుతుంది. ఆ ఒత్తిడి పెయింటును వెనక నుంచి నెడుతుంది. గోడ బయటి వైపు వేస్తే నీళ్లు దాన్ని గోడకేసి అదుముతాయి, లోపల వేస్తే ఊడగొడతాయి. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. పైగా ఆ గోడ మీద ఇంతకుముందు ఎవరో వేసిన వాటర్‌ప్రూఫ్ పెయింటు ఇంకా ఉంది! పొరలు పొరలుగా లేచి, వెనకంతా తెల్లటి పొడి. నీళ్లు కాంక్రీటులోని లవణాలను కరిగించి మోసుకొచ్చి, ఆరిపోతూ ఇక్కడ వదిలిన పొడి అది. ఆయన టార్చి సరిగ్గా దాని మీదే పడింది. చూసి కూడా కోటింగ్ అంటాడు!

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు తెలుసు. బయటికి వెళ్లి వానలో గొడుగు పట్టుకుని నిలబడి చూశాను. పైకప్పు నీళ్లు దింపే పైపు సరిగ్గా పునాది పక్కనే ఆగిపోయింది. చదరపు మీటరు పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు. అందులో ఈ పైపు వాటా ఎంతైతే అంతా తెచ్చి నా గోడ మొదట్లో గుమ్మరిస్తోంది. పైగా చుట్టూ నేల ఇంటివైపే వాలి ఉంది. వాలు బయటివైపు ఉండాలి, మొదటి మూడు మీటర్లలో పదిహేను సెంటీమీటర్లయినా దిగాలి. పైపు పొడిగించి, మట్టి ఎత్తు చేస్తే సగం కథ అక్కడే ముగుస్తుంది. ఈ మాట నాకు ఏ కంపెనీ మనిషీ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? మట్టికి వారంటీ కార్డు ఇవ్వలేరు కదా.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, "టెక్నికల్ విషయాలు సార్‌తో మాట్లాడతాను మేడమ్, సార్ ఎప్పుడుంటారు?" అన్నాడు.

సార్! సార్ చాలా మంచివాడు. స్క్రూడ్రైవర్ ఏ వైపు పట్టుకోవాలో అడిగి తెలుసుకునేంత మంచివాడు. ఆ బోర్డు పీకింది నేను, సంచులు మోసింది సార్. ఇంట్లో మా ఇద్దరికీ లేని సమస్య వచ్చినవాళ్లందరికీ ఉంది.

అసలు ఈ మంట ఇవాళ్టిది కాదు. ఇల్లు కొనేముందు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు చూశారా, ఆయన మీదిది. "కింద ఏదో వాసన వస్తోంది, ఏమిటండీ?" అని నేనే అడిగాను. "పాత ఇళ్లకు ఆ వాసన మామూలేనమ్మా" అని, సార్ వైపు తిరిగి పునాది గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ రోజు కింద ప్రతి ప్లగ్గులో ఒక సువాసన డబ్బా గుచ్చి ఉంది. అన్ని ప్లగ్గుల్లో! గులాబీ తోటలోకి వెళ్లినట్టుంది. అంత గులాబీ ఎందుకని నాకు అనుమానం వచ్చింది, లైసెన్సు ఉన్నాయనకు రాలేదు. తర్వాత రిపోర్టు చూస్తే "గోడల వెనక భాగం కనిపించనందున పరిశీలించలేదు" అని ఒక్క లైను. బాబూ, కనిపించేది చూడ్డానికి నాకు కళ్లున్నాయి, నీకు ఫీజెందుకు? చెమ్మ మీటరు గోడకు ఆనిస్తే బోర్డు తడిగా ఉందో లేదో తెలుస్తుంది. అది ఆయన బెల్టుకే వేలాడుతోంది. నగలాగా పెట్టుకున్నాడు.

అమ్మినవాళ్లయితే ఆ గదిని "అదనపు బెడ్‌రూమ్" అన్నారు. ఆ గదికున్న కిటికీలోంచి పిల్లి కూడా పక్కకు తిరిగి దూరాలి. మెట్ల దగ్గర మంటలొస్తే లోపల పడుకున్నవాళ్లు ఎలా బయటికి రావాలి? నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు సంగతి సరేసరి. రంగు లేదు, వాసన లేదు, కింది గదుల్లోనే ఎక్కువ చేరుతుంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో అదొకటి. కొలవడానికి చిన్న పరికరం చాలు. అక్కడ వాళ్ల పిల్లాణ్ని పడుకోబెట్టేవాళ్లట. "ఇంటిని ఎంతో ప్రేమగా చూసుకున్నాం" అని తాళాలిచ్చేటప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా. ప్రేమంటే అదేనేమో. నాకు మాత్రం ఆ ప్రేమను బయటికి మోయడానికి నడుం పట్టేసింది.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. "పీకింది చాలు, ఎప్పుడు మూస్తావు? నలుగురూ వస్తే ఏమనుకుంటారు?" అని అత్తయ్య. మూయను అత్తయ్యా. పైపు పొడిగించాను, మట్టి పోయిస్తున్నాను. నేల మీద ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి, పదహారు గంటలు వదిలేసి తీసి చూస్తాను. కింద తడి కనిపిస్తే కార్పెట్ మాటే వద్దు. ఒక వానాకాలం మొత్తం ఆ కాంక్రీటును అలాగే వదిలి, ఎక్కడ చెమ్మ వస్తుందో సుద్దముక్కతో గీత గీస్తాను. గోడ ఎండిందని నాకు నమ్మకం కుదిరాక దానికి నేరుగా చలి ఆపే గట్టి ఫోమ్ బోర్డు అంటిస్తాను, దాని ముందు ఫ్రేమ్, ఆ తర్వాతే బోర్డు. అదీ నేలకు అర అంగుళం పైన.

అప్పటిదాకా వచ్చినవాళ్లకు పైన హాల్లో సోఫా ఉంది. అది పొడిగానే ఉంది, అక్కడ కూర్చోవచ్చు.