మందు పేరు గుర్తుంది, దాన్ని మోసిన రింగు సంగతేంటి?

2021 సెకండ్ వేవ్‌లో రెమ్‌డెసివిర్ కోసం మనవాళ్ళు ఎన్ని మెడికల్ షాపులు తిరిగారో ఎవరూ మర్చిపోలేదు. అది ఎంత పనిచేసిందన్నది వేరే చర్చ. కానీ పౌడర్ రూపంలో వచ్చిన ఆ సీసాలో మందు 100 మిల్లీగ్రాములే, దానికి తోడుగా ఉన్న సైక్లోడెక్స్‌ట్రిన్ అనే రింగు ఆకారపు పదార్థం 3 గ్రాములు, అంటే ముప్పై రెట్లు! మందు నీళ్ళలో సరిగ్గా కరగదు కాబట్టి ఈ రింగు దాన్ని తన కడుపులో పెట్టుకుని మోస్తుంది. ఏడు గ్లూకోజ్‌లు గుండ్రంగా కలిస్తే వచ్చే రింగు ఇది, బయటి వైపు నీళ్ళతో కలుస్తుంది, లోపల మాత్రం నీళ్ళంటే పడదు. పైగా గ్లూకోజ్‌లన్నీ ఒకే చేతివాటం ఉన్నవి, అందుకే రింగు మొత్తం కైరల్, అంటే కుడిచెయ్యి ఎడమచెయ్యిలా అద్దంలోని తన బొమ్మతో సరిగ్గా కలవదు, అందుకే కుడి ఎడమ తేడా దానికి తెలుస్తుంది.

ఇలాంటి రింగులు ఫ్లాస్కులో చెయ్యడం మాత్రం అంత ఈజీ కాదు, గొలుసు లాంటి మాలిక్యూల్ తన రెండు కొసల్ని తనే కలుపుకోవాలి. దారాలన్నీ ఒకే కుప్పలో ఉంటే ఒకదాని కొస ఇంకోదానికి చుట్టుకుంటుంది కదా, మాలిక్యూల్స్ కూడా అంతే, అందుకే రింగు పడాలంటే బాగా పలచగా చెయ్యాలి, అంటే కొంచెం సరుకు కోసం బోలెడు సాల్వెంట్ (కరిగించే ద్రవం) పొయ్యాలి. కెమిస్ట్ పెడర్సన్ 1967లో చూపించిన క్రౌన్ ఈథర్లు అనే రింగులకి ఇంకో కెమిస్ట్ క్రామ్ కైరల్ ముక్కలు తగిలించి, కుడి ఎడమ అమైనో ఆమ్లాల్ని వేరుచేసి చూపించాడు, 1987లో లేన్ అనే ఇంకో కెమిస్ట్‌తో కలిపి ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఇవాళ మందుల నాణ్యత చూసే క్యూసీ ల్యాబుల్లో కుడి ఎడమ రూపాల్ని వేరుచెయ్యడానికి వాడే గొట్టాలు, అదే కైరల్ కాలమ్స్, కొన్నిట్లో ఇలాంటి రింగులే ఉన్నాయి.

సైక్లోడెక్స్‌ట్రిన్‌ది వేరే దారి. పిండిపదార్థం గొలుసుని ఒక ఎంజైమ్ నీళ్ళలోనే తెంపి, ఆ ముక్క రెండు కొసల్ని తనే కలిపేస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మొక్కజొన్న పండే, ఫార్మా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో కొత్త మందుల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఇలాంటి ఎంజైమ్ పద్ధతుల మీద పెట్టాలి, సాల్వెంట్ వ్యర్థాల బాధ పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మోసే పని ఒక్కటే కాదు, ఈ రింగు మందుగా కూడా పనిచేస్తుంది. ఆపరేషన్లో కండరాలు కదలకుండా రోక్యురోనియం ఇస్తారు, ఆ టైంలో పేషెంట్ సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ఆపరేషన్ అయ్యాక ఎనిమిది గ్లూకోజ్‌ల రింగుని మార్చి చేసిన సుగమ్మడెక్స్ ఎక్కిస్తే, అది రక్తంలో రోక్యురోనియంని పట్టి లోపల బిగించేస్తుంది, కండరాల దగ్గరున్నది కూడా రక్తంలోకి దిగొచ్చేస్తుంది, కొద్ది నిమిషాల్లోనే మనిషి ఊపిరి మనిషి తీసుకుంటాడు.