మా ఇంట్లో మూడు తరాలుగా ఫ్యాషన్ కమ్యూనికేషన్

మా మేనకోడలు నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీలో ఫ్యాషన్ కమ్యూనికేషన్, అంటే బట్టల గురించి నలుగురికీ చెప్పే విద్య, చదువుతానంటోంది. అలాంటి కోర్సు ఒకటుందనీ, అదీ నాలుగేళ్లనీ నాకు మొన్నటిదాకా తెలీదు. 'నీకు ఫ్యాషన్ మీద ఇష్టం ఎలా కలిగింది' అని కోచింగ్ సెంటర్లో వ్యాసం రాసి తెమ్మన్నారట, పిల్ల రాసింది: 'మా కుటుంబం, మేం చేసిన ప్రయాణాలు నన్ను తీర్చిదిద్దాయి.' చదివి పడీపడీ నవ్వాను. కుటుంబమంటే మేమే కదా, ప్రయాణాలంటే సింహాచలం, అరకు, మూఢం లేనప్పుడు విజయనగరంలో పెళ్లిళ్లు.

"నవ్వకు మావయ్యా, అందరూ ఇలాగే రాస్తారు" అంది.

రాత్రి పడుకుని ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ కనపడలేదు. నిఫ్ట్ పుట్టింది 1986లో. మా ఇంట్లో ఆ కోర్సు అంతకు చాలా ముందే మొదలైంది, ఫీజు లేదు, సెలవులు కూడా లేవు.

వ్యవస్థాపకులు మా తాతగారు. పొందూరు ఖద్దరు పంచె తప్ప కట్టేవారు కాదు. పొందూరులో సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు, ఈ సంగతి ఆయన శ్రీకాకుళం బస్సులో పక్క సీటాయనకి, కండక్టరుకి, వాంతి ఆపుకుంటున్న పసిపిల్లకి కూడా చెప్పేవారు. విశాఖ కాంప్లెక్సులో బస్సు ఎక్కితే మద్దిలపాలెం దాటేలోపు చేప దవడ అయిపోయేది, హనుమంతవాక దగ్గర నూరో కౌంటు సన్ననూలు, మధురవాడ వచ్చేసరికి గాంధీగారు. తగరపువలస దాకా మెలకువగా ఉన్న శ్రోత నాకు గుర్తులేడు. కట్టింది ఎనిమిది మూరలు, చెప్పింది ఎనభై. నాన్నమ్మ గంజి పెట్టి పలకలా ఆరేసి ఇచ్చిన పంచె, ఈ ఊరి ఉప్పుగాలికి పదకొండు కాకముందే నీళ్లలో పడ్డ అప్పడంలా అయిపోయేది. తాత మాత్రం మెత్తబడలేదు.

రెండో తరం నాన్న. సంక్రాంతికి వారం ముందు పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి ఒకే తాను చింపించుకొచ్చేవారు. మా అన్నదమ్ములు ముగ్గురికీ చొక్కాలు, చెల్లికి గౌను, మిగిలిన ముక్కకి తలగడ గలేబులు. నేను మంచం మీద బోర్లా పడుకుంటే ఎక్కడ తలగడ అయిపోయి ఎక్కడ నేను మొదలయ్యానో చెప్పడం కష్టం. చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో నేను తప్పిపోతే, నాన్న మా అన్నని పోలీసాయన ముందు నిలబెట్టి "ఇదే గుడ్డండి" అన్నారు, పది నిమిషాల్లో దొరికాను. చదువుకున్నవాళ్లు దీన్ని బ్రాండ్ గుర్తింపు అంటారు. ఇక టైలరు, "ఎదిగే పిల్లాడు కదండీ" అని పాంటు అడుగున నాలుగు వేళ్ల మడత వదిలేవాడు, ఏటా ఒక వేలు విప్పేవారు, విప్పిన చోటల్లా ముదురు రంగు గీత. ఆ గీతలు లెక్కపెట్టి నేనే క్లాసో చెప్పొచ్చు.

ప్రయాణాల దగ్గరికొస్తే, అరకు. విశాఖలో చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. కాబట్టి మా పిన్ని స్వెట్టరుకి ఏడాదికి ఒకటే కచేరీ, కిరండూల్ పాసింజరులో. కొత్తవలసలో ఎండకి చెమటలు కారుతున్నా విప్పేది కాదు, "తెచ్చింది వేసుకోడానికే కదా" అని. ఆ లైను మీద 58 సొరంగాలున్నాయి, ప్రతి చీకట్లోనూ బోగీ మొత్తం అరుస్తుంది, కానీ చీకట్లో మా పిన్ని ఎక్కడుందో వెతకక్కర్లేదు. కలరా ఉండల వాసన చెప్పేసేది.

ఇదంతా పునాది. అసలు పీజీ కోర్సు అమ్మ బీరువాలో ఉంది, అడుగు అరలో, పెట్టుబడి చీరల రూపంలో. కట్టుకోడానికి కొనరు వీటిని, పెట్టడానికి కొంటారు. పెట్టించుకున్నవాళ్లూ కట్టరు, ఇంకొకరికి పెడతారు. మేం అరకు దాటి ఎరగం గానీ ఆ చీరలు చూడని ఊరు లేదు. ఆనంద్ బ్లూ రంగు మీద ఆకుపచ్చ అంచు చీర ఒకటి ఇక్కడి నుంచి గృహప్రవేశానికి అనకాపల్లి వెళ్లింది, అక్కణ్ణుంచి బారసాలకి బొబ్బిలి, ఒడుగుకి పార్వతీపురం, మధ్యలో ఎక్కడెక్కడ మజిలీలు చేసిందో, నాలుగేళ్లకి గాజువాక వదిన చేతుల మీదుగా బొట్టూ పళ్లతో సహా ఇంటికొచ్చింది. అమ్మ దాన్ని తిప్పి చూసి "ఏటి, మడత కూడా ఇప్పనేదు" అంది, కోపంగా కాదు, ఇంచుమించు గౌరవంగా.

ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేస్తే జరిగే యుద్ధాలు ఆవిడకి తెలుసు. అందుకే చీర వచ్చిన రోజునే లోపలి కొసన బాల్‌పెన్నుతో సన్నగా రాసి పెట్టుకుంటుంది: ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భం. ఏ చీర ఎవరికి వెళ్తే ఎవరేమనుకుంటారో, ఆకుపచ్చ పెడితే అలక ఎన్ని నెలలు, జరీ పెడితే 'ఏదో పనుండే పెట్టింది' అని ఎవరంటారో, అంతా నోటికి వచ్చు. నోరు తెరవకుండా ఆరు గజాల్లో ఇంత మాట్లాడే మనిషికి నాలుగేళ్ల డిగ్రీ ఎవరిస్తారు?

ఇదంతా రాయవే అని పిల్లకి చెప్పాను. "నీకేమైనా పిచ్చా మావయ్యా" అని మిలాన్ గురించి ఒక పేరా కలిపింది. మిలాన్ తను చూడలేదు.

నిన్న వ్యాసం ఇచ్చేసి వచ్చి అమ్మమ్మ కాళ్లకి దండం పెట్టింది. అమ్మ మురిసిపోయి బీరువా తీసి, అదే ఆనంద్ రంగు చీర దాని చేతిలో పెట్టింది. పిల్ల తెలివైనది, ముందు కొస తిప్పి చూసింది. మా అమ్మ దస్తూరీ ఉంది. దాని కింద, ఎవరిదో గుండ్రటి చేతిరాత, ఎర్ర సిరాతో:

'వైజాగ్ వాళ్లది. పొరపాటున కూడా వాళ్లకి పెట్టకూడదు.'