లస్కరుకు తెలిసినది యంత్రానికి ఎవరు చెప్పాలి?

సముద్రంలో కలిసే మురుగుకాలువ చివర, నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడమైన స్లూయిజ్ దగ్గర పనిచేసే లస్కరు విధిని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పోటు వచ్చినప్పుడు షట్టర్లు దించాలి, లేకుంటే ఉప్పునీరు ఎదురెక్కి చేలు చౌడుబారతాయి. కాలువ నిండినప్పుడు షట్టర్లు ఎత్తాలి, లేకుంటే మురుగు లాగక సార్వా నాట్లు కుళ్ళిపోతాయి. కోనసీమలో గానీ నరసాపురం దిగువన గానీ ఏ రైతును అడిగినా ఈ రెండు మాటలూ తడుముకోకుండా చెబుతాడు. అయితే తుపాను రాత్రి సముద్రం ఉప్పొంగుతున్న వేళకే కుంభవృష్టి కురిసి కాలువ గట్లు తెగేలా ఉంటే, ఈ రెండింటిలో ఏ మాట చెల్లుతుంది? ఇంతకాలం ఆ చిక్కును గట్టు మీద నిలబడ్డ మనిషి తన అనుభవంతో, కొన్నిసార్లు రైతుల కేకల మధ్య, ఎలాగో విప్పుకుంటూ వచ్చాడు.

కాస్త నిదానించి రాస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. కాలువ ఎంత నిండినా, అవతల సముద్రమట్టం అంతకంటే ఎత్తులో ఉంటే షట్టరు ఎత్తినా మురుగు పోదు, పైగా ఉప్పునీరు లోపలికి వస్తుంది. కాబట్టి చూడవలసింది రెండు మట్టాల మధ్య తేడాను. ఆ మాట రాయగానే వెంట మరికొన్ని ప్రశ్నలు వస్తాయి. తేడా ఎన్ని అంగుళాలు ఉంటే ఎత్తాలి? మట్టం కొలిచే పరికరానికి గుర్రపుడెక్క చుట్టుకుని, అది గంటల తరబడి ఒకే అంకె చూపిస్తుంటే దాన్ని నమ్మాలా? షట్టరు సగం ఎత్తాక కరెంటు పోతే అది తెరిచి ఉన్నట్టా, మూసి ఉన్నట్టా? లస్కరుకు ఇవి ప్రశ్నలుగా కూడా తోచవు. ఆ పనిని యంత్రానికి అప్పగిస్తే మాత్రం దానికి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి.

చెరువుల మీద నీటికి గాలి అందించే ఏరియేటర్లను సెల్‌ఫోన్‌తో నడిపించే రోజులు మన డెల్టాకు వచ్చేశాయి. మోటార్లతో మొదలైనది షట్టర్ల దాకా, వరద హెచ్చరికల దాకా రావడం సహజం. ఈ పత్రిక దానికి వ్యతిరేకం కాదు. అయితే అలాంటి వ్యవస్థను ‘పరీక్షించి చూశాం, బాగానే పనిచేసింది’ అన్న ఒక్క మాట మీద స్వీకరించడానికి మాత్రం మేము ఒప్పుకోము.

ఎందుకంటే ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ఒక్కో గేటు తెరిచి ఉండటం, మూసి ఉండటం అనే రెండు స్థితులే లెక్కలోకి తీసుకున్నా, అన్నీ కలిపి ఏర్పడగల స్థితుల సంఖ్య 53 అంకెలు పడుతుంది. సెకనుకు ఒకటి చొప్పున పరీక్షిస్తూ పోతే గోదావరి ఎండిపోయినా ఆ పని పూర్తికాదు. పరీక్షలు తప్పు ఉందని చూపగలవే గానీ తప్పు లేదని చూపలేవని, 1972లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించారు. దీనికి విరుగుడుగా కంప్యూటర్ శాస్త్రవేత్తలు పెంపొందించినవే ఫార్మల్ మెథడ్స్. వ్యవస్థ ఏం చేయాలో, ఏది ఎన్నటికీ చేయకూడదో గణిత భాషలో రాసుకుని, దాని రూపకల్పన ఆ రాతకు కట్టుబడి ఉంటుందని రేఖాగణిత సిద్ధాంతాన్ని నిరూపించినట్టు నిరూపించడం ఈ పద్ధతుల సారాంశం. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని తెలుసుకోవడానికి ప్రపంచంలోని త్రిభుజాలన్నిటినీ కొలవనక్కర లేదు కదా.

రాయకుండా వదిలేసిన షరతు ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1996 జూన్ 4న ఎగిరిన ఏరియాన్-5 రాకెట్టు చాలు. ఏరియాన్-4లో బాగా పనిచేసిన ప్రోగ్రామును అందులో యథాతథంగా వాడారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ కావడంతో ఒక విలువ కంప్యూటరు దానికి కేటాయించిన 16 బిట్ల గదిలో పట్టలేదు. 40 సెకన్లు గడిచేలోపే రాకెట్టు ముక్కలైంది. పాత లెక్కలో తప్పు లేదు, అది ఏ హద్దుల్లో నిజమో కొత్త రాకెట్టు దగ్గర ఎవరూ మళ్ళీ చూసుకోలేదు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ మరో డెల్టాలో ఉంది. నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్‌కు దిగువన, నౌకలు సముద్రం నుంచి లోపలికి వచ్చే కాలువకు అడ్డంగా మాస్లాంట్ అనే తుపాను కవాటాన్ని 1997లో ప్రారంభించారు. దాని రెండు తలుపులూ ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు. రాటర్‌డామ్ దగ్గర నీరు 3 మీటర్ల మట్టం చేరుతుందని అంచనా వస్తే, మూయాలన్న నిర్ణయం మనిషి ప్రమేయం లేకుండా కంప్యూటరే తీసుకుంటుంది. ఆ ప్రోగ్రాము రాసేటప్పుడు జెడ్ అనే గణిత సంకేత భాషనూ, స్పిన్ అనే తనిఖీ సాధనాన్నీ వాడారు. అక్కడా అంతా సాఫీగా సాగిందని చెప్పలేం. కవాటం మొత్తం మీద నమ్మకం మొదట అనుకున్నంత లేదని తర్వాతి లెక్కల్లో తేలింది, దాన్ని మెరుగుపరచవలసి వచ్చింది. ప్రోగ్రాము నిరూపణ మోటారుకూ, తుప్పుకూ, మనుషుల అలసటకూ పూచీ పడదు. మూసే నిర్ణయం గురించి రాసిన షరతులు కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది.

ఖర్చు మాటేమిటని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఎస్ఈఎల్4 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయ లాంటి భాగంలో, ఉన్నది సి అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సుమారు 8,700 వరుసల కోడు. 2009లో పూర్తయిన దాని నిరూపణకు దాదాపు 2 లక్షల వరుసలు పట్టాయి. మనం అంత దూరం పోనక్కర లేదు. సముద్రమట్టం ఎక్కువగా ఉండగా షట్టరు తెరుచుకోకూడదు, పరికరం చెడితే ఆ సంగతి మనిషికి తెలియకుండా ఉండకూడదు, చేతితో తిప్పే చక్రాన్ని కంప్యూటరు ఎప్పుడూ అడ్డుకోకూడదు. ఇలాంటి నాలుగైదు వాక్యాలను నిరూపించి చూపమని కోరడం అతి కాదు.

వరద హెచ్చరికల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగుల మట్టానికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, దాన్నే 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహంగానూ చెప్పుకుంటాం. రెండు కొలతలూ ఒకే క్షణంలో ఆ గీత దాటకపోతే యంత్రం దేన్ని పట్టించుకోవాలి? నది రాత్రంతా 11.75 దగ్గరే ఊగుతుంటే, హెచ్చరికను పదిసార్లు ఇచ్చి పదిసార్లు వెనక్కు తీసుకుంటుందా? లంక గ్రామాల వారు మూడోసారికే ఫోను పక్కన పడేస్తారు. ఎక్కే గీత ఒకటి, దిగే గీత దానికి కాస్త కిందుగా మరొకటి పెట్టాలన్నది ఇంజనీర్లకు తెలిసిన చిట్కాయే. తెలిసినంత మాత్రాన ప్రోగ్రాములోకి అది దానంతటదే రాదు.

అందువల్ల షట్టర్లను గానీ హెచ్చరికలను గానీ కంప్యూటరుకు అప్పగించాలనుకునే ఏ శాఖ అయినా, ముందుగా దాని షరతుల కాగితాన్ని తెలుగులో తయారుచేయాలని ఈ పత్రిక కోరుతోంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఆ కాగితం పట్టుకుని ఇంజనీర్లు స్లూయిజ్ దగ్గరకు వెళ్ళి, లస్కరునూ ఆయకట్టు రైతులనూ కూర్చోబెట్టి చదివి వినిపించాలి. ‘మరి కరెంటు లేకపోతేనో?’, ‘అమావాస్య పోటు అయితేనో?’ అని వారు అడిగే ప్రతిదానికీ అందులో ఒక వాక్యం చేరాకే టెండరు పిలవాలి.