జారుమంచు అంటే తప్పేముంది?

వేరుశెనగ మన పంట కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి వచ్చింది. నేల పైన పువ్వు పూసి, నేల లోపల కాయ కాసే ఆ వింత మొక్కను చూసి మన రైతు తనకు తెలిసిన శెనగకే ‘వేరు’ తగిలించాడు. కాయ కాసేది వేరుకు కాదని వృక్షశాస్త్రం చదివినవాళ్లు అంటారు. అననివ్వండి, పేరు మాత్రం నిలిచిపోయింది. అదే తెలంగాణలో పల్లి అయింది, రాయలసీమలో బుడ్డలు అయింది.

బంగాళాదుంప పుట్టిందీ బెంగాల్లో కాదు. తెలంగాణలో దాన్ని ఆలుగడ్డ అంటారు: సగం హిందీ, సగం తెలుగు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పరాయి దేశం నుంచి వచ్చిందనుకుంటే ముందు ‘సీమ’ చేర్చడం ఇంకో పద్ధతి: సీమచింత, సీమవంకాయ, సీమసున్నం. ఇక సీతాఫలం సంగతైతే చెప్పక్కర్లేదు. మనం వీసాలు పట్టుకుని ఇటు అమెరికా ఖండానికి రావడానికి చాలా ముందే ఈ ఖండం పండు అటు వెళ్లి, ఏకంగా సీతమ్మ పేరు పెట్టించుకుంది.

పండితులు కట్టిన మాటలన్నీ వృథా అనను. విశ్వవిద్యాలయం, విమానాశ్రయం చక్కగా నిలిచాయి. కానీ ధూమశకటం జోకులకే మిగిలింది. మన సంఘాల పత్రికల్లో ‘చరవాణి’ అని అచ్చేస్తాం గానీ, పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటూ “ఆ చరవాణి ఇటివ్వరా” అన్న తండ్రిని నేనింకా చూడలేదు. ఫోను, బస్సు, రోడ్డు చివర ఉకారం తగిలించుకుని ఎప్పుడో మనవైపోయాయి. వాటికి తెలుగు వెతకడం అనవసరపు టెన్షన్.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకులు. మేడి, కర్రు, పడుగు, పేక... పనిముట్టు పట్టినవాళ్ల నోటి మాటలవి. మరి చలికాలమంతా మన చేతిలో ఉండేది మంచు తోసే పార. మంచుకు మన దగ్గర ఎన్ని మాటలున్నాయి? సంక్రాంతికి ముందు తెల్లారగట్ల పొలాల మీద కమ్మేదీ మంచే, గడ్డి మీద బొట్లు కట్టేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఇక్కడ తేడా తెలియకపోతే కారు గుంటలోకి పోతుంది.

రోడ్డు మీద కంటికి కనబడకుండా అద్దంలా పరుచుకునేదాన్ని అందరం బ్లాక్ ఐస్ అంటున్నాం. జారుమంచు అంటే తప్పేముంది? జారుముడి లేదా? అదే అచ్చు. పొద్దున్నే కారు అద్దం మీద నుంచి గోకాల్సిన పొరను గీకుడుమంచు అనొచ్చు. పిడికిట పట్టినా ముద్ద కట్టనిది పొడిమంచు. ఇంతకంటే మంచివి ఎవరికైనా తడితే అవే వాడదాం, నాకేం పట్టింపు లేదు. నిఘంటువుకు పంపడాలూ, కమిటీలు వెయ్యడాలూ అక్కర్లేదు. ఇంట్లో, ఫోన్లో, పిల్లల ముందు వాడితే చాలు.

స్నోకి మాత్రం నాకు ఏదీ తట్టలేదు. స్నో అనే అంటాను. “స్నో పడుతోంది, నెమ్మదిగా పోనివ్వు” అన్నది నిఖార్సయిన తెలుగు వాక్యమే.