మీటర్లు అని రాస్తే సరిపోదు, ఎక్కడి నుంచో కూడా రాయాలి

వానలు మొదలవగానే వరంగల్‌లో ముంపు మ్యాపులు గీసేవాళ్ల మధ్య ఒక సందేశం తిరుగుతుంది: "ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచే. ఫైల్లో మీటర్లు, 4326 అని ఉంటే చాలు. తేడా వచ్చినా అంతటా ఒకటే, తీసేస్తే సరి." (4326 అంటే ఫైల్లోని స్థానాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే ఈపీఎస్‌జీ సంకేత సంఖ్య.) ఈ మూడు మాటలూ తప్పే. ఆ మ్యాపు చూసి ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని తేల్చుకునే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు.

మొదటి మాట. జీపీఎస్ రిసీవర్‌కు సముద్రం తెలియదు. భూమి ఆకారానికి దగ్గరగా లెక్క కట్టిన నునుపైన ఎలిప్సాయిడ్ నుంచి అది మొదట ఎత్తు లెక్క కడుతుంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉండేది జియాయిడ్. గురుత్వాన్ని బట్టి అది ఎగుడుదిగుడుగా ఉంటుంది. మన వరంగల్‌లో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే సుమారు 70 మీటర్లు కిందికి ఉంది. ఆండ్రాయిడ్ ఏళ్ల తరబడి యాప్‌లకు ఇస్తూ వచ్చింది ఎలిప్సాయిడ్ ఎత్తు, ఐఫోన్ ఇచ్చేది సముద్ర మట్టం నుంచి. మధ్యలో యాప్ సవరించకపోతే, భద్రకాళి చెరువు కట్టపై ఒకే రాయి మీద పెట్టిన రెండు ఫోన్లకు ఇరవై అంతస్తులంత తేడా వస్తుంది.

పోనీ, సముద్ర మట్టమైనా ఒకటేనా? సర్వే ఆఫ్ ఇండియా పాత బెంచ్‌మార్కులకు (ఎత్తు తెలిపే గుర్తులకు) ఆధారం తొమ్మిది రేవుల్లో కొలిచిన సగటు సముద్ర మట్టానికి ముడిపెట్టిన 1909 నాటి లెవలింగ్, అంటే నేల మీద చేసిన ఎత్తుల కొలత. 2000లో అంతరిక్ష నౌక కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే డేటాలోని ఎత్తులకు ఆధారం ఈజీఎం96 అనే జియాయిడ్ నమూనా. ఐరోపా వారి కోపర్నికస్ డేటాలోని ఎత్తులకు ఈజీఎం2008 అనే మరో నమూనా. మోకాలి లోతు నీళ్లు గడప దాటతాయా అని చూసేటప్పుడు వీటిని కలిపేయడం ప్రమాదం.

ఇక 4326. అందులో ఉన్నవి అక్షాంశం, రేఖాంశం మాత్రమే. ఎత్తుకు చోటే లేదు. ఎలిప్సాయిడ్ ఎత్తు కూడా కావాలంటే 4979 వాడాలి. జియాయిడ్ ఎత్తయితే ఈజీఎం96కు 5773, ఈజీఎం2008కు 3855 అని విడిగా చెప్పాలి.

గోదావరినే చూడండి. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు, అది సముద్ర మట్టం నుంచి. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, అది అక్కడి కొలబద్ద సున్నా నుంచి. నది ఒకటే, అడుగులూ ఒకటే, సున్నాలు వేరు. ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది తెలుసు కాబట్టి సున్నా ఎక్కడో ఎవరూ రాయరు. రెండు పట్టికలనూ కలిపే కంప్యూటర్‌కు తెలియదు.

"అంతటా ఒకటే" అన్నది చివరిది. హైదరాబాద్‌లో జియాయిడ్ తేడా సుమారు 76 మీటర్లు. ఇంత దగ్గరలోనే మారిపోయేదాన్ని ఒకే అంకెతో ఎలా తీసేస్తారు?

శాస్త్రీయ డేటా ఫైళ్లకు వాడే సీఎఫ్ నియమాల్లో దీనికి దారి ఉంది. అందులో 'ఆల్టిట్యూడ్' అంటే జియాయిడ్ నుంచి ఎత్తు, ఉత్త 'హైట్' అంటే నేల నుంచి. ఎలిప్సాయిడ్ ఎత్తుకు వేరే పేరుంది. జియాయిడ్ పేరు రాయడానికీ, అంకె పెరిగితే పైకా కిందికా అని చెప్పడానికీ చోటుంది. ఈ చివరిది బావుల పట్టికల్లో తప్పనిసరి, ఎందుకంటే అక్కడ లోతు అంకె పెరిగితే నీరు కిందికి పోయినట్టు. ఎక్కడి నుంచి కొలిచారో కూడా రాయాలి. టేపు వేసేది నేల మీదికి పొడుచుకొచ్చిన కేసింగ్ (బావిలో దింపిన గొట్టం) అంచు నుంచి. ఆ అంచు నేలకు ఎంత పైన ఉందో రాయకపోతే, నీటి లోతు అంతమేరా తప్పే.