రెండో సెట్ ఎవరికి?

కోస్తాలో ఒక జిల్లా కేంద్రం, అక్కడొక ప్రైవేటు లా కాలేజీ. వచ్చే ఏడాదికి లైబ్రరీ తెప్పించుకోవాల్సిన జర్నళ్ల, అంటే కోర్టు తీర్పులు అచ్చువేసే పత్రికల జాబితా తయారైంది. దాని కింద లైబ్రరీ కమిటీలోని విద్యార్థి ప్రతినిధి సంతకం కావాలి. మూడో సంవత్సరం అమ్మాయి పెట్టనంటోంది. మనుషులు కల్పితం, గొడవ మాత్రం నిజం. నేను అమ్మాయి పక్షమే, దాచను. అలాగని లైబ్రేరియన్ గారి నోరు నొక్కలేదు. ఆయన ఒకటి రెండు చోట్ల ఆ అమ్మాయిని, ఆమెతో పాటు నన్నూ ఇరుకున పెట్టారు.

లైబ్రేరియన్: పెన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నావేమ్మా? సాయంత్రంలోగా ఆ కాగితం ఆఫీసుకు వెళ్లాలి.

విద్యార్థిని: ‘సుప్రీంకోర్టు కేసెస్’, అదే ఎస్‌సీసీ, రెండు సెట్లు రాశారు సార్. రెండోది ఎందుకు?

లైబ్రేరియన్: ఎప్పుడూ రెండే తెప్పిస్తాం.

విద్యార్థిని: ఏఐఆర్ ఉంది, క్రిమినల్ లా జర్నల్ ఉంది, ఏఎల్‌డీ, ఏఎల్‌టీ ఉన్నాయి. ఒకే సుప్రీంకోర్టు తీర్పు నాలుగైదు అట్టల్లో మన బీరువాల్లోకి వస్తోంది. అందులో కొంత తగ్గించి తీర్పులు వెతుక్కునే ఒక మంచి ఆన్‌లైన్ డేటాబేస్‌కు చందా కట్టండి, రెండు కంప్యూటర్లు పెట్టండి, రాత్రి ఎనిమిది దాకా తలుపు తీసి ఉంచండి. ఇప్పుడే సంతకం పెడతాను.

లైబ్రేరియన్: రేపు బార్ కౌన్సిల్ వాళ్లు తనిఖీకి వస్తే జవాబు నువ్వు చెబుతావా? లా కాలేజీలకు వాళ్లు పెట్టిన 2008 నియమాల్లో రాసే ఉంది. ఎస్‌సీసీ, క్రిమినల్ లా జర్నల్ లాంటివి ఉండాలి, పదేళ్ల వెనక సంపుటాలతో సహా.

విద్యార్థిని: ఉండాలన్నారు, రెండేసి ఉండాలనలేదుగా సార్.

లైబ్రేరియన్: మీకు అసలు పుస్తకమంటేనే గిట్టదు. అంతా ఫోన్‌లో దొరుకుతుందని ధీమా.

విద్యార్థిని: దొరుకుతోంది కాబట్టే సార్. మా ఊరి నుంచి ఇక్కడికి బస్సులో గంటన్నర. క్లాసులు పదింటికి మొదలై నాలుగింటికి అయిపోతాయి, మీరు ఐదింటికి తాళం వేస్తారు. ఆఖరి బస్సు ఐదున్నరకి. అంటే మూడేళ్లలో నేను ఈ బల్ల దగ్గర కూర్చుంది లెక్క పెట్టుకోవచ్చు. నేను చదివిన తీర్పులన్నీ బస్సులో చదివినవే. సుప్రీంకోర్టు సొంత రిపోర్టు ఎస్‌సీఆర్‌ని 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ అని ఉచితంగా పెట్టేశారు, 1950 నుంచి ఉంది. అదే అధికారిక రిపోర్టు. మనం డబ్బిచ్చి కొంటున్నవేమో ప్రైవేటు ప్రచురణకర్తలవి! ఇప్పుడు కోర్టే తీర్పుకు నంబరు వేస్తోంది, ‘2023 ఐఎన్‌ఎస్‌సీ ఒకటి, రెండు’ అంటూ. ఏ కంపెనీ అట్టలో ఏ పేజీలో ఉందో చెప్పక్కర్లేదు. తీర్పులు వెతకడానికి 2008 నుంచి ఇండియన్ కానూన్ వెబ్‌సైటు ఉంది, చట్టాలకి ఇండియా కోడ్ ఉంది. రాజ్యాంగ సభ చర్చలు కూడా ఉన్నాయి. మన రాజమండ్రి దుర్గాబాయి గారు ఆ సభలో ఏం మాట్లాడారో బస్సు కిటికీ పక్కన కూర్చుని చదివాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన మా జూనియర్లు సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు కూడా ఫోన్‌లోనే చదువుకుంటున్నారు.

లైబ్రేరియన్: ఆ అనువాదం పట్టుకుని కోర్టుకు వెళ్తే నవ్వుతారు. రాజ్యాంగం 348వ అధికరణం చదివావా? చెల్లేది ఇంగ్లిషే.

విద్యార్థిని: కోర్టులో చదవడానికి కాదు సార్, ముందు అర్థం కావాలిగా. అర్థమయ్యాక ఇంగ్లిషుది చదువుతారు.

లైబ్రేరియన్: సరే, అర్థమయిన వాళ్ల సంగతే చెబుతా విను. పోయినసారి మన మూట్ కోర్టులో, అదే విద్యార్థుల వాదనల పోటీలో, ఒకబ్బాయి స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ చెల్లుతుందంటూ 2013 డిసెంబరు నాటి కౌశల్ తీర్పు గడగడా అప్పజెప్పాడు. ఫోన్‌లో దొరికింది, పాపం. 2018 సెప్టెంబరులో ఐదుగురు జడ్జీలు దాన్ని కొట్టేశారని వాడికి తెలియదు. మీ ఫోను తీర్పును తెచ్చిస్తుంది, ఆ తీర్పు బతికుందో చచ్చిందో చెబుతుందా? ఇంకొకటి. న్యూయార్క్‌లో ఓ లాయరు చాట్‌జీపీటీని అడిగి కోర్టుకిచ్చే వాదన రాశాడు. ఇచ్చిన కేసుల్లో కొన్ని అసలు లేనే లేవు. 2023 జూన్‌లో ఐదు వేల డాలర్ల జరిమానా పడింది. అందులో ఒక కేసుకు సంపుటం నంబరు, పేజీ నంబరు కూడా ఉన్నాయి. ఆ సంపుటం తీసి ఆ పేజీ తిప్పితే అక్కడ ఉన్నది వేరే కేసు! అట్ట తీసి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది.

(ఈ దెబ్బ గట్టిదే. అమ్మాయి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.)

విద్యార్థిని: చాట్‌జీపీటీ సంగతి ఒప్పుకుంటాను. కానీ కౌశల్ సంగతి ఒప్పుకోను సార్. ఆ తీర్పు 2014 ఎస్‌సీసీ మొదటి సంపుటంలో మొదటి పేజీలో ఉంది. అదిగో, ఆ వెనక వరుసలో. లేచి తీసి చూడండి. 2018లో కొట్టేశారని ఆ పేజీలో ఎక్కడైనా ఉందా? ఎలా ఉంటుంది, అచ్చయింది ముందు కదా. ఆ అబ్బాయి ఫోన్ బదులు మీ బీరువా తెరిచినా అదే తీర్పు అప్పజెప్పేవాడు. తర్వాత ఏమైందో చెప్పేది డైజెస్టు. మనం డైజెస్టు తెప్పించడం ఎప్పుడో మానేశాం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే నేరమన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్ చూడండి. 2015 మార్చి 24న కొట్టేశారు. ఆ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే వచ్చారు. 2021లో సుప్రీంకోర్టు ఇదేం చోద్యమని అడిగితే ప్రభుత్వం తరఫు లాయరు, అచ్చు పుస్తకంలో సెక్షన్ అలాగే ఉంది, కొట్టేసిన సంగతి కింద ఫుట్‌నోట్‌లో ఉంది అన్నారు. అచ్చులో ఉన్నంత మాత్రాన నిజమైపోదు సార్. మన బేర్ యాక్టుల, అంటే చట్టాల మూలపాఠాల బీరువాలో ముందు వరుసంతా ఇప్పటికీ ఐపీసీయే. దాని బదులు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. హత్యకు 302 అని వెతికేవాడికి ఇప్పుడది 103 అని చెప్పే కాగితం కూడా అక్కడ అంటించలేదు. నేనడిగే డేటాబేస్‌లో తీర్పు తెరిస్తే పక్కనే ఉంటుంది, దీన్ని ఫలానా కేసులో కొట్టేశారని. మీరు చెప్పిన జబ్బుకు మందు అదే!

లైబ్రేరియన్: మందుకు ఏటేటా డబ్బు కట్టాలి. కట్టడం ఆపిన రోజు ఏమవుతుంది?

విద్యార్థిని: ఆగిపోతుంది.

లైబ్రేరియన్: నిరుటిది కూడా ఆగిపోతుంది. పుస్తకం చందా ఆపేస్తే కొత్తది రాదు, పాతది నా బీరువాలోనే ఉంటుంది. డేటాబేస్ చందా ఆపేస్తే పదేళ్లు కట్టిన డబ్బుకు గోడ మిగులుతుంది. మేనేజ్‌మెంట్ ఏ ఏడాది చేతులెత్తేస్తుందో నాకు తెలుసా?

విద్యార్థిని: కేంద్రమే జర్నళ్లకు చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చిందిగా సార్, 2025 జనవరి నుంచి.

లైబ్రేరియన్: ప్రభుత్వ సంస్థలకు తల్లీ. మనది ప్రైవేటు.

విద్యార్థిని: …సుప్రీంకోర్టు తీర్పులైతే ఉచితమే కదా.

లైబ్రేరియన్: మరి మద్రాసు? 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టారు. అంతకు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు మనల్ని కట్టి ఉంచుతాయని ఆ కోర్టు ఫుల్ బెంచే చెప్పింది. భూమి తగాదా, దత్తత తగాదా వచ్చిందంటే ఇప్పటికీ అక్కడికే పోవాలి. ఆ తీర్పుల సంపుటాలు, ఐఎల్‌ఆర్ మద్రాస్, 1876 నుంచి మొదలు. చూడు, ఆ మూల బీరువా.

విద్యార్థిని: చూశాను సార్. చూసే అడిగాను. 1919 సంపుటంలో దత్తత కేసు నాలుగు పేజీలు జిరాక్స్ కావాలంటే మీరు ఇవ్వలేదు. గోడ మీద బోర్డు చూపించారు.

లైబ్రేరియన్: కాపీరైట్ ఉంటుందమ్మా.

విద్యార్థిని: తీర్పుకు కాపీరైటా? కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో తీర్పులు వేసుకోవచ్చని ఉంది.

లైబ్రేరియన్: తీర్పుకు లేదు, దాని పైన ఎడిటర్ సొంతంగా రాసిన సారాంశానికి, అదే హెడ్‌నోట్‌కు ఉంది. 2007 డిసెంబరులో మోదక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. నువ్వడిగిన మొదటి పేజీలో సగం హెడ్‌నోటే.

విద్యార్థిని: 1919 నాటి హెడ్‌నోట్‌కు కూడానా సార్! కాపీరైట్ గడువు అరవై ఏళ్లు ఎప్పుడో దాటాయిగా.

లైబ్రేరియన్: ఏదో ఒకటి. బోర్డు ఉంది కదా.

విద్యార్థిని: బోర్డు మీరే పెట్టారు.

లైబ్రేరియన్: బైండింగ్ ఊడిపోతుంది! చాలా? కాపీరైటూ లేదు, ఏమీ లేదు. ఆ అద్దం మీద బోర్లా పెట్టి నొక్కితే వందేళ్ల నాటి కాగితం పొడి పొడిగా రాలుతుంది. ఊళ్లో బైండింగ్ చేసే ఆయన పోయాక మళ్లీ ఎవరూ లేరు. ఈ మాట చెబితే వినరు, కాపీరైట్ అంటే భయపడతారని రాయించాను.

విద్యార్థిని: ఆ మాటే అని ఉంటే పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకునేదాన్ని సార్. అద్దం మీద పెట్టే పనే లేదు. మద్రాస్ వరుస ఒక్కటి కూడా తీసెయ్యమని నేననలేదు. నాకు తెలిసిన ఉచిత చోట్ల అవి ఉన్నా స్కాన్ తప్పులతో ఉంటున్నాయి, పేర్లే మారిపోతున్నాయి. ఎక్కడా సరిగా దొరకనివి దాచండి. అందరి జేబులో ఉన్నదాన్ని రెండోసారి కొనకండి. నన్నడిగితే మీరు బీరువా తాళాలతో కూర్చోవడం కంటే, మొదటి సంవత్సరం వాళ్లకు వారానికో గంట వెతకడం నేర్పితే ఆ మూట్ అబ్బాయికి ఆ గతి పట్టేది కాదు.

లైబ్రేరియన్: నేర్పుతాను, టైంటేబుల్‌లో గంట ఎవరిస్తారు? ఎనిమిది దాకా తెరవమంటావు, అటెండరు పోస్టు ఖాళీగా ఉంది. నేను ఒక్కణ్ణే.

విద్యార్థిని: వారానికి రెండు రోజులు తెరవండి సార్, ఊళ్లోనే ఉండే మా వాళ్లు వంతులేసుకుని కూర్చుంటారు. రెండో సెట్ మాత్రం కొట్టేయండి. అసలు అది ఏ బీరువాలో ఉందో మూడేళ్లలో నేను చూడలేదు.

లైబ్రేరియన్: ఇక్కడ లేదు.

విద్యార్థిని: మరి?

లైబ్రేరియన్: ప్రిన్సిపాల్ గారి గదిలో. ఆయన కుర్చీ వెనక అద్దాల బీరువా ఉంది చూడు, అందులో.

విద్యార్థిని: ఆయన చదువుతారా సార్?

లైబ్రేరియన్: వచ్చిన వాళ్లు చూస్తారు.

విద్యార్థిని: అయితే కొట్టేయండి.

లైబ్రేరియన్: నేను కొట్టలేను తల్లీ. రిటైర్మెంట్ దగ్గర పడింది. కాగితం నీ చేతిలోనే ఉంది, ఆయన నాలుగు దాకా గదిలో ఉంటారు.

విద్యార్థిని: ఆ మద్రాస్ సంపుటం తీసి బల్ల మీద పెట్టండి. వచ్చి ఫొటో తీసుకుంటాను.