రంగు మీద రంగు: విమానాలవారికి ఒక ఉచిత సలహా

పదేళ్ల వ్యవధిలో దేశ పౌర విమానయాన శాఖ రెండుసార్లు ఉత్తరాంధ్ర చేతికి వచ్చింది. 2014 నుంచి 2018 వరకు విజయనగరానికి చెందిన పూసపాటి అశోక్ గజపతిరాజు దానిని నడిపారు. 2024లో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఆ బాధ్యత తీసుకున్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఏ పనికైనా రెండు కోటింగులు పడితేనే నిలుస్తుందని మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంతటి విమాన వారసత్వం గల గడ్డ మీద పుట్టి, విమానాలకు రంగు వేసే విధానంలోని లోపాలను ఎత్తిచూపకుండా ఊరుకోవడం పౌరధర్మం కాదని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సిరిమానోత్సవానికి ముందు ఇనుప గేటుకు రంగు వేయించడం మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచి వస్తున్న ఆచారం. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగే వేళకు ఊరు కళకళలాడాలి గనుక, ఆ ముందటి పదిహేను రోజులూ విజయనగరంలో రంగుల మేస్త్రీలకు ఊపిరి సలపదు. ఈసారి మేస్త్రీ వచ్చిన రోజునే మా మేనల్లుడూ దిగాడు. అతడు చిన్న విమానాలను మరమ్మతు చేసే హ్యాంగర్‌లో పనిచేస్తాడు; నాలుగు సీట్ల విమానం ఒకదానికి పాత రంగు తీసి కొత్తది వేసే పని ముగించుకొని సెలవు మీద వచ్చాడు. ఎన్నాళ్లు పట్టిందిరా అని అడిగితే వారాలు పట్టిందన్నాడు. మా మేస్త్రీ చేతిలోని బ్రష్షు గాలిలోనే ఆగిపోయింది.

మన పద్ధతిలో తుప్పును తీయరు. తుప్పు గరుకుగా ఉంటుంది, గరుకు మీద రంగు బాగా పట్టుకుంటుంది, కాబట్టి తుప్పు మనకు ప్రకృతి ప్రసాదించిన ప్రైమరు. పెచ్చు మరీ పైకి లేచి ఉంటే ఎమరీ కాగితంతో రెండుసార్లు అలా నిమురుతారు. గుంట కనిపిస్తే లప్పం కూరుతారు. పైన ఎనామిల్, అందులో కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ తిన్నర్. ఒక పూట పని, మధ్యలో రెండు టీలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా గేటు ఇలాగే పదకొండు రంగులు చూసింది, ఏనాడూ నోరెత్తి ఫిర్యాదు చేయలేదు.

విమానాలవారి పద్ధతి వింటే ఎవరికైనా జాలి కలుగుతుంది. రంగు వేయడానికి ముందు వారు రంగును మొత్తం తీసేస్తారు. అది తీయడానికి ముందు కిటికీలు, టైర్లు, ఫైబర్‌గ్లాస్ ముక్కలు అన్నీ కప్పి టేపు వేస్తారు, ఎందుకంటే రంగు తీసే మందు తగిలితే కిటికీలకు వాడే ఆక్రిలిక్ పాడైపోతుంది. ఆ మందు రేకుల అతుకుల్లోకి దిగి అక్కడే ఉండిపోతే లోపలి నుంచి లోహాన్ని తినేస్తుంది గనుక దానిని నీళ్లతో పదేపదే కడగాలి. పాత మందుల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది, బాగా పనిచేసేది. మనుషుల ప్రాణాలు కూడా తీస్తుందని 2024లో అమెరికా దాని వాడకాన్ని చాలావరకు నిషేధించింది. ఇప్పుడు బెంజైల్ ఆల్కహాల్ మందులు పూసి, రంగు ఉబ్బేదాకా గంటల తరబడి కూర్చుంటారట. కూర్చోవడంలో మాత్రం మన మేస్త్రీలకు వారు నేర్పగలిగింది ఏమీ లేదు.

రంగు ఉబ్బిన తరువాతైనా వైరు బ్రష్షు పట్టుకొని బరబరా గీకేయవచ్చు కదా. కూడదట. ఉక్కు బ్రష్షు, ఉక్కు పీచు అల్యూమినియాన్ని తాకకూడదు. వాటి నుంచి రాలిన ఉక్కు రేణువులు రేకులో దిగబడితే, తడి తగిలినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన జగడం మొదలై అల్యూమినియం చిలుము పడుతుంది. పైగా ఆ రేకులో బలమంతా రాగి కలిసిన మిశ్రమ లోహానిది, అది తొందరగా చిలుము పడుతుంది. దానిని కాపాడటానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఒకటి అద్దుతారు. 0.8 మిల్లీమీటర్ల రేకు మీద ఆ పొర మందం సుమారు 0.04 మిల్లీమీటర్లు. ఎమరీ కాగితంతో హుషారుగా రుద్దితే అది కాస్తా పోతుంది, పోయిందని కంటికి తెలియదు కూడా. మా మేస్త్రీ ఇది విని, "అంత సుకుమారమైతే ఇంట్లో పెట్టుకోవాలి గాని గాల్లోకి ఎగరేయడం దేనికి బాబూ" అన్నాడు. అతని ప్రశ్నలో న్యాయం ఉంది.

ఆపై ఆమ్లంతో కడిగి, నీళ్లు పోసి చూస్తారు. నీరు బొట్లుగా విడిపోకుండా ఒకే పొరగా పరుచుకుంటేనే రేకు శుభ్రపడినట్టు, లేకుంటే పని మళ్లీ మొదటికి. తరువాత క్రోమేట్ ద్రావణం పట్టిస్తే రేకుకు లేత బంగారు ఛాయ వస్తుంది. ఆ బంగారం మీద ఎపాక్సీ ప్రైమరు, ఆపైన పాలీయురిథేన్ రంగు. క్రోమేట్ క్యాన్సర్ కారకం, రంగులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చేటు కాబట్టి బయటి నుంచి గొట్టంతో గాలి వచ్చే మాస్కు తగిలించుకొని రంగు కొడతారు. మా మేస్త్రీ ముక్కుకు తువ్వాలు కూడా కట్టడు. సాయంత్రం మాత్రం రెండు వీధుల అవతలికి వినిపించేలా దగ్గుతాడు.

ఉక్కు భాగాలకు వేరే మర్యాదలు. చక్రాల కాళ్లలాంటి గట్టి ఉక్కుకు ఆమ్లపు మందు పూస్తే, అందులో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి దూరి దానిని పెళుసుగా చేస్తుంది. పైకి నిగనిగలాడుతున్న కాలు ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. ఇంజన్‌ను మోసే గొట్టాల చట్రానికి కావాలని లేత రంగు వేస్తారని మేనల్లుడు చెప్పినప్పుడు మాత్రం నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే, పగులు వస్తే కనబడటానికి! లోపం కనబడాలని డబ్బు పోసి రంగు వేయించుకునే జాతి ఒకటి భూమి మీద ఉందని నాకు అంతవరకు తెలియదు.

రంగు బరువు లెక్క ఇంకొక చాదస్తం. రెక్క వెనక అంచున, తోక వెనక అంచున కదిలే పలకలకు రంగు వేశాక వాటి తూకం సరిచూడాలి. అవి వెనక్కు బరువెక్కితే వేగంలో గడగడ కొట్టుకొని విరిగిపోగలవు. అందుకే ఆ పలకల మీద రంగు మీద రంగు వేస్తూ పోరు. మా గేటు పదకొండు రంగుల బరువుతో నేటికీ నిటారుగా నిలిచి ఉంది.

రంగు తీయడం మన రాష్ట్రానికి బొత్తిగా తెలియదని అనలేము. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు ఆదేశించింది. తీయమంటే ప్రభుత్వం వాటికి తోడుగా మట్టి రంగు ఒకటి చేర్చింది. ఇది మా మేస్త్రీ తర్కమే. ఆ తర్కం హైకోర్టులోనూ నిలవలేదు, సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. న్యాయమూర్తులకు గేట్ల విషయంలో అనుభవం తక్కువ.

మాటల మధ్య మేస్త్రీ మా కాలింగ్ బెల్ మీద వేసిన టేపు తీయడం మరిచి, దాని మీదనే రంగు వేశాడు. ఎవరూ చూసుకోకపోతే మూడు రోజులైనా మా ఇంటికి ఎవరూ రాలేదనే అనుకునేవాళ్లము. నేను నవ్వుతుంటే మేనల్లుడు నవ్వలేదు. 1996 అక్టోబరు 2న పెరూలో ఒక పెద్ద విమానాన్ని కడిగి మెరుగు పెట్టినవారు, ఎత్తును, వేగాన్ని కొలవడానికి గాలి తీసుకునే చిన్న రంధ్రాల మీద వేసిన టేపు తీయడం మరిచారట. చీకట్లో, సముద్రం మీద, ఎంత ఎత్తులో ఉన్నారో పైలట్లకు తెలియలేదు. 70 మందిలో ఒక్కరూ మిగలలేదు. మేస్త్రీ లేచి వెళ్లి బెల్ మీది టేపు తీసి వచ్చాడు.

ఆ తరువాత మేనల్లుడు ఊరుకోక, మా గేటు స్తంభం అడుగున అరచేతి మేర చెక్క ముక్కతో గీకి చూశాడు. ఆకుపచ్చ కింద వెండి రంగు, వెండి కింద నీలం, దాని కింద నాన్నగారి కాలపు ఎరుపు వచ్చాయి. ఎరుపు కింద చెక్క ముక్క నేరుగా అవతలికి దిగిపోయింది. మేస్త్రీ పరుగున వచ్చి అతని చేయి పట్టుకున్నాడు. "కదపకండి బాబూ, ఇనుం ఎప్పుడో పోయింది, రంగే పట్టుకొని ఉంది" అన్నాడు.

ఆ చోట వెంటనే లప్పం కూర్పించి, మీద రెండు కోటింగులు ఎక్కువే వేయించి, మేస్త్రీకి అడిగిన కూలి ఇచ్చి పంపాను. మేనల్లుడు మాత్రం ఆ రోజు నుంచి పెరటి దారినే వచ్చి వెళుతున్నాడు.